సంవత్సరం చెప్పే నాణేలు

క్రీ.శ. 69వ సంవత్సరంలో అలెగ్జాండ్రియా టంకశాలలో అచ్చులు చెక్కే శిల్పులకు ఊపిరి సలిపి ఉండదు. అంతకు ముందటి ఆగస్టు చివర ఈజిప్టువారి కొత్త సంవత్సరం ప్రవేశించేనాటికి వారు చెక్కుతున్నది గాల్బా చక్రవర్తి ముఖం. జనవరి 15వ తేదీన రోము నగరం నడిబొడ్డున గాల్బాను సైనికులే నరికివేశారు. ఆ వార్త సముద్రం దాటి వచ్చేసరికి సింహాసనం ఒథోది అయింది. టంకశాలలో అచ్చులు మారాయి. ఏప్రిల్ నడుమ ఒథో ఆత్మహత్య చేసుకున్నాడు, విటెల్లియస్ వచ్చాడు, అచ్చులు మళ్ళీ మారాయి. జూలై 1వ తేదీన అలెగ్జాండ్రియాలోని రోమక సేనలే వెస్పాసియన్‌ను చక్రవర్తిగా ప్రకటించాయి. అచ్చులు మరొకసారి మారాయి. ఇదంతా ఈజిప్టు పంచాంగం ప్రకారం ఒక్క సంవత్సరంలో జరిగిన కథ.

ఆ నలుగురి నాణేలూ నేటికీ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పేర్చిపెట్టినట్లయితే చరిత్ర గ్రంథంలో అనేక పుటలు ఆక్రమించే అంతర్యుద్ధం అరచేతిలో ఇమిడిపోతుంది. విటెల్లియస్ నాణెం వీటన్నింటిలో చిత్రమైనది. రోములో అతడు డిసెంబరు దాకా చక్రవర్తియే. అలెగ్జాండ్రియాలో మాత్రం అతడి పాలన వసంతం చివర మొదలై జూలై మొదటి తేదీతో ముగిసింది. రెండు నెలల పైచిలుకు కాలంలో కొట్టిన నాణెమన్నమాట. రెండువేల ఏళ్ళ నాటి వస్తువు తన వయస్సును ఇంత కచ్చితంగా చెప్పుకోవడం అరుదు.

రోమక సామ్రాజ్యంలోని తూర్పు రాష్ట్రాలలో కొన్ని వందల పట్టణాలు తమ తమ నాణేలను కొట్టుకునేవి. వాటి మీద సాధారణంగా పట్టణం పేరు ఉంటుంది, తేదీ చాలచోట్ల ఉండదు. అలెగ్జాండ్రియా నాణేలది ఇందుకు విపర్యయం. ఊరి పేరు చెప్పుకోవలసిన అవసరం ఆ నగరానికి కనిపించలేదు కాబోలు. కాని సంవత్సరం చెప్పకుండా వెలువడిన నాణేలు తక్కువ. సంగ్రాహకులు ఈ ఒక్క టంకశాల మీద యావజ్జీవితం వెచ్చించడానికి గల కారణాలలో ఇది మొదటిది.

తలుపులు మూసుకున్న దేశం

క్రీ.పూ. 30లో క్లియోపాత్రా మరణానంతరం ఈజిప్టు ఆక్టేవియన్ వశమయింది. తరువాత అగస్టస్ అని పేరుపొందిన ఆ ప్రభువు ఈజిప్టును ఇతర రాష్ట్రాల వలె చూడలేదు. రోము ప్రజలకు తిండిగింజలు పంపే ఆ దేశంలో సెనేటు సభ్యులు తన అనుమతి లేనిదే అడుగుపెట్టరాదని కట్టడి చేశాడు. డబ్బు విషయంలోనూ టాలెమీ రాజుల నాటి పద్ధతినే నిలిపాడు. సామ్రాజ్యమంతటా చెల్లే వెండి దెనారియస్ ఈజిప్టు అంగళ్ళలో చెల్లదు. ఓడ దిగిన వర్తకుడు తన రొక్కాన్ని షరాబు ముందు పోసి, వట్టం చెల్లించి, అలెగ్జాండ్రియా నాణేలు పుచ్చుకోవలసిందే. ఈ నాణేలలో ప్రధానమైనది టెట్రాడ్రాక్మా, అనగా నాలుగు డ్రాక్మాల నాణెం. టైబీరియస్ చక్రవర్తి తన 7వ రాజ్య సంవత్సరంలో, క్రీ.శ. 20-21లో, దీనిని తిరిగి ప్రవేశపెట్టాడు. చూడడానికి వెండి, నిజానికి వెండికన్న రాగి ఎక్కువ గల మిశ్రమలోహం. అయినా లెక్కల్లో అది ఒక దెనారియస్‌తో సమానం.

పాలించేవారి భాష లాటిను. నాణెం మీది భాష గ్రీకు. అందువల్ల చక్రవర్తి బిరుదులన్నీ అనువాదంలో దర్శనమిస్తాయి. ఇంపరేటర్ 'ఆటోక్రటోర్' అయినాడు, అగస్టస్ 'సెబాస్టోస్' అయినాడు, రాణిగారు 'సెబాస్టే'. అగస్టస్ అన్న లాటిను మాటలో వృద్ధి, శుభం ధ్వనిస్తాయంటారు. సెబాస్టోస్ అన్న గ్రీకు మాటలో పూజ్యత ధ్వనిస్తుంది. భాష మారగానే రాజు కొంచెం దేవుడయ్యాడు. అనువాదాలలో ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి.

తేదీని చదివే విధం

నాణెం బొరుసు వైపున, బొమ్మకు పక్కగా, ఇంగ్లీషు 'ఎల్' అక్షరం వంటి గుర్తు ఒకటి కనిపిస్తుంది. అది అక్షరం కాదు, 'సంవత్సరం' అనే మాటకు ఈజిప్టు లేఖకులు వాడుకున్న సంకేతం. దాని తరువాత వచ్చే గ్రీకు అక్షరమే అంకె: ఆల్ఫా అంటే 1, బీటా అంటే 2, గామా అంటే 3. ఐయోటా అంటే 10. దాని పక్కన ఆల్ఫా ఉంటే 11. ఈ పది పన్నెండు అక్షరాలూ నేర్చుకోవడానికి ఒక సాయంకాలం చాలు. గ్రీకు భాష రానివారు కూడ మరునాటి నుండి ఈ నాణేల తేదీలు చదవగలరు.

ఐతే లెక్కలో ఒక మెలిక ఉంది. ఈజిప్టు సంవత్సరం థోత్ అనే నెల 1వ తేదీన, అనగా మన లెక్క ప్రకారం ఆగస్టు 29న మొదలవుతుంది. చక్రవర్తి ఏ రోజున గద్దె నెక్కినా ఆ రోజు నుండి రాబోయే ఆగస్టు 28 వరకు అతడి మొదటి సంవత్సరం. అది పదకొండు నెలలు కావచ్చు, పది రోజులే కావచ్చు. ఆగస్టు 29 రాగానే రెండవ సంవత్సరం వచ్చినట్లే. నీరో 68 జూన్‌లో మరణించగా గద్దెనెక్కిన గాల్బాకు అందుకే పట్టుమని మూడు నెలలు నిండకుండానే రెండవ సంవత్సరం నాణేలు వెలువడ్డాయి. తెలుగుదేశంలో శాతవాహన, ఇక్ష్వాకు శాసనాలు కూడ రాజ్యవర్షాలతోనే కాలం చెబుతాయి కనుక ఈ పద్ధతి మనకు కొత్త కాదు.

మెలికలో మెలిక తొమ్మిదవ సంవత్సరం. గ్రీకులో తొమ్మిదికి గుర్తు తీటా. మరణమనే అర్థం గల 'థానటోస్' అన్న మాటకు మొదటి అక్షరం కూడ అదే. చక్రవర్తి ముఖం ముద్రించిన నాణెం మీద ఆ అక్షరం అశుభమని తలచి కాబోలు, పెక్కుసార్లు దానిని వదలి 'తొమ్మిదవ' అనే మాటనే అక్షరాలలో చెక్కేవారు. ఒడిశా గజపతుల అంక సంవత్సరాలలో ఒకటి, ఆరు, తరువాత ఆరుతోనూ సున్నతోనూ ముగిసే అంకెలు, పదిని మాత్రం మినహాయించి, దాటివేస్తారన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. పూరీ పంచాంగాలలో ఆ లెక్క నేటికీ ఉంది. అంకెలకు భయపడడంలో దేశభేదం లేదు.

ఇత్తడి రంగు వార్తాపత్రిక

సంవత్సరం తెలిసిన నాణేల బొరుసుల మీది బొమ్మలను వరుసగా చూసుకుంటూ పోతే అవి ఆనాటి వార్తాపత్రికలా తోస్తాయి. నీరో చక్రవర్తి 66-67లో గ్రీసు దేశంలో సంచరించి పాటల పోటీలలోనూ రథాల పందేలలోనూ పాల్గొని బహుమతులన్నీ తానే గెలుచుకున్నాడు. న్యాయనిర్ణేతలకు మరో మార్గమేది? అతడి 13, 14 సంవత్సరాల అలెగ్జాండ్రియా టెట్రాడ్రాక్మాల మీద ఒలింపియా జ్యూస్, డెల్ఫీ అపోలో, నెమియా జ్యూస్, ఇస్త్మియా పొసైడన్ వరుసగా ప్రత్యక్షమయ్యారు. వీరందరూ ఆ పోటీలు జరిగిన స్థలాల అధిదేవతలు. చక్రవర్తిని మోసుకుపోతున్న ఓడ కూడ ఒక నాణెం మీద ఉంది.

నైలునది వార్తలూ వస్తాయి. పడుకుని ఉన్న నదీదేవుడు, చేతిలో ఫలపుష్పాలు నిండిన కొమ్ము, కాళ్ళ దగ్గర మొసలి. పక్కన కొన్నిటి మీద పదహారు అనే అంకె. అది సంవత్సరం కాదు. నైలు వరద పదహారు మూరలు పెరిగితే దేశం సుభిక్షం. పన్నెండే పెరిగితే కరువు. గోదావరి వరద కొలబద్ద మీద చూపు నిలిపే రైతుకు ఈ నాణెం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆంటొనైనస్ పయస్ పాలన ఈ టంకశాలకు స్వర్ణయుగం. అతడి రెండవ సంవత్సరంలో, 138-139లో, తలచుట్టూ కాంతివలయం గల ఫీనిక్స్ పక్షి ఒక టెట్రాడ్రాక్మా మీద వెలసింది. పక్కన 'ఐయోన్' అనే మాట, యుగమని అర్థం. ప్రాచీన ఈజిప్టు పంచాంగానికి అధిక దినం లేదు. అందువల్ల దాని సంవత్సరాది ఋతువుల నుండి జరుగుతూ జరుగుతూ 1460 ఏళ్ళకొకసారి సిరియస్ నక్షత్రం, మనవారు మృగవ్యాధుడనే తార, వేకువనే తొలిసారి ఉదయించే రోజుతో కలుస్తుంది. అట్టి కలయిక 139లో వచ్చింది. బూడిదనుండి లేచే పక్షి ఆ యుగారంభానికి గుర్తని పండితుల అభిప్రాయం.

అదే చక్రవర్తి 8వ సంవత్సరంలో, 144-145లో, పెద్ద కంచు డ్రాక్మాల మీద గ్రహాలనూ రాశులనూ జతచేసి ఒక శ్రేణి వెలువరించారు. సింహం మీద సూర్యుడి తల, కర్కాటకం పైన చంద్రుడు, మేషంతో ఒకసారీ వృశ్చికంతో ఒకసారీ కుజుడు, ధనుస్సుతోనూ మీనంతోనూ గురుడు, వృషభ తులలతో శుక్రుడు, మకర కుంభాలతో శని. పంచాంగం చూడనేర్చిన తెలుగువాడు ఈ నాణేలను చూచి ఉలిక్కిపడతాడు. ఇవి మన రాశ్యాధిపతులే! అందులో ఆశ్చర్యం లేదు. జాతకచక్రం వేసే విద్యలో అధికభాగం గ్రీకుల నుండి మన దేశానికి వచ్చింది. యవనజాతకం అనే సంస్కృత గ్రంథం పేరే అందుకు సాక్ష్యం. దాని కాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేకున్నా మూలం విషయంలో పెద్దగా వివాదం లేదు. హోర, కేంద్రం, లిప్త వంటి మాటలు గ్రీకునుండే వచ్చాయి. ఆ విద్యకు అలెగ్జాండ్రియా పుట్టినిల్లు కాకపోయినా పెరిగిన ఇల్లు. ఖగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ సరిగా ఆ కాలంలోనే ఆ నగరంలో నివసించాడు.

ఇక దీపస్తంభం. ప్రపంచపు వింతలలో ఒకటిగా లెక్కించిన ఫారోస్ 14వ శతాబ్దపు భూకంపాలతో పూర్తిగా కూలింది. దాని స్థలంలో 15వ శతాబ్దంలో సుల్తాను ఖైత్‌బే కోట కట్టించాడు. ఆ స్తంభాన్ని కళ్ళారా చూసిన శిల్పులు చెక్కిన బొమ్మలు డొమిషియన్ నుండి కొమోడస్ వరకు అనేకుల నాణేల మీద నిలిచాయి. కింద నలుచదరపు అంతస్తు, గోడలో కిటికీలు, ఆ అంతస్తు మూలల మీద శంఖం పూరించే ట్రైటన్‌లు, కొసన ఒక విగ్రహం. 1909లో జర్మన్ పండితుడు హెర్మన్ టీర్ష్ ఫారోస్ రూపాన్ని కాగితం మీద పునర్నిర్మించినప్పుడు అరబ్బు రచయితల వర్ణనలతో పాటు ఈ నాణేలు ఆయనకు ఆధారమయ్యాయి. 1994లో ఫ్రెంచి పురాతత్త్వవేత్త జాన్ ఈవ్ ఎంపరర్ బృందం కోట పక్క సముద్రంలో మునిగి పెద్ద పెద్ద రాళ్ళను గుర్తించింది. రాళ్ళు దొరికినా, అవి నిలబడి ఉన్నప్పటి తీరు తెలియడానికి బొటనవేలంత కంచుబిళ్ళ వైపే తిరిగి చూడవలసి ఉంది.

రాజకీయాలు మరీ సూటిగా కనిపించేది 270 తరువాతి నాణేలలో. పాల్మైరా రాణి జెనోబియా సేనలు ఈజిప్టును ఆక్రమించాయి. టంకశాలవారు ఇద్దరికీ కోపం రాకుండా మార్గం వెదికారు: ఒకవైపు ఆరేలియన్ చక్రవర్తి ముఖం, 1వ సంవత్సరం, రెండవవైపు జెనోబియా కుమారుడు వాబల్లాథస్ ముఖం, 4వ సంవత్సరం. మరుసటి ఏడు 2, 5. సయోధ్య చెడిన 272లో ఆరేలియన్ ముఖం మాయమయింది. వాబల్లాథస్ ఒక్కడే చక్రవర్తిగా, జెనోబియా 'సెబాస్టే'గా వేరువేరు నాణేలు వచ్చాయి. కొద్ది నెలలలో ఆరేలియన్ ఈజిప్టును తిరిగి గెలుచుకున్నాడు. జెనోబియా పేరుతో కొట్టిన ఆ కొద్ది నాణేలు నేడు సంగ్రాహకులకు అందని మానిపండ్లు.

షరాబులు దుకాణాలు మూసినరోజు

బొమ్మలు ఎంత అందంగా ఉన్నా లోహం అబద్ధమాడదు. నీరో కాలపు టెట్రాడ్రాక్మా బరువు 13 గ్రాములు, అందులో వెండి ఇంచుమించు ఆరవవంతు. డయొక్లీషియన్ నాటికి బరువు ఏడెనిమిది గ్రాములకు దిగింది, వెండి నామమాత్రం. ప్రజలు అమాయకులు కారు. నీరో నాణేలను ఆయన పోయిన నూరేళ్ళకు కూడ కుండలలో దాచుకున్నారు. మూడవ శతాబ్దపు పత్రాలలో కొందరు మూడువందల ఏళ్ళ కిందటి టాలెమీల నాటి పాత వెండితోనే లెక్క తేల్చాలని రాసుకున్నారు.

ఆక్సిరింకస్ అనే పట్టణపు చెత్తదిబ్బలలో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితులు తవ్వితీసిన పపైరస్ పత్రాలలో 260వ సంవత్సరపు అధికారిక ఉత్తర్వు ఒకటి ఉంది. షరాబులు చక్రవర్తుల దివ్యనాణేన్ని స్వీకరించ నిరాకరించి దుకాణాలు మూసుకున్నారట. వెంటనే తెరవాలనీ, స్పష్టంగా దొంగనాణెమైనది తప్ప తక్కిన నాణేలన్నిటినీ పుచ్చుకోవాలనీ, లేకుంటే శిక్ష తప్పదనీ జిల్లా అధికారి హెచ్చరించాడు. అప్పటి చక్రవర్తులు మాక్రియానస్, క్వైటస్ అనే సోదరులు. ఏడాది కాలమైనా నిండుగా నిలవని తిరుగుబాటుదారులు. వారి మొదటి సంవత్సరపు టెట్రాడ్రాక్మాలు నేటికీ ఉన్నాయి. అటువంటి బిళ్ళను చేతబట్టి ఆ ఉత్తర్వు చదివినవారికి, షరాబు గీటురాయి ముందు పెదవి విరిచిన దృశ్యం కళ్ళకు కట్టకపోదు.

ఇదంతా చదివిన తెలుగు పాఠకునికి ఒక సందేహం రావడం సహజం. మన తీరానికి వచ్చిన యవన నౌకలు బయలుదేరింది ఈజిప్టు రేవులనుండియే. మలబారు తీరంలోని ముజిరిస్‌నుండి తెచ్చే సరకు గూర్చిన రెండవ శతాబ్దపు అప్పుపత్రం ఒకటి వియన్నాలో ఉంది. ఆ సరకు అలెగ్జాండ్రియా చేరాక నాలుగవ వంతు సుంకం కింద పోయేది. కృష్ణా ముఖద్వారపు మసాలియా సన్నబట్టలను గ్రీకు నావికుడు తన పెరిప్లస్‌లో పేర్కొన్నాడు. అటువంటప్పుడు అలెగ్జాండ్రియా నాణేలు మన నేలలో రాశులుగా దొరకాలి కదా? దొరకవు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1531 నాణేలూ అగస్టస్, టైబీరియస్‌ల దెనారియస్‌లే. కారణం ఆ మూసిన తలుపులలోనే ఉంది. తమ దేశపు గడప దాటితే విలువలేని టెట్రాడ్రాక్మాను మన వర్తకుడు ఎందుకు పుచ్చుకుంటాడు? అతడికి కావలసింది తూకానికి నిలిచే మంచి వెండి, బంగారం. అలెగ్జాండ్రియా నాణేలు మన దేశంలో కనిపించకపోవడం కూడ ఒక సాక్ష్యమే.

పెన్సిలు పట్టిన సంగ్రాహకుడు

ఈ నాణేలను పోగుచేసినవారిలో అగ్రగణ్యుడు జొవాన్ని దత్తారి. కైరోలో స్థిరపడిన ఈ ఇటాలియన్ 1901లో తన సేకరణకు ప్రచురించిన జాబితాలో ఆరువేలకు పైగా నాణేలున్నాయి. ఆ పుస్తకపు వరుస అంకెలను సంగ్రాహకులు నేటికీ జపమాలలా తిప్పుతారు. జాబితా వెలువడిన తరువాత కూడ ఆయన కొంటూనే ఉన్నాడు. కాని ఆయన చేసిన గొప్ప పని కొనడం కాదు. నాణెం మీద పల్చని కాగితం పరచి పెన్సిలుతో రుద్ది, బొమ్మనూ బొరుసునూ కాగితం మీదికి దించుకున్నాడు. బళ్ళో పిల్లలు అర్ధరూపాయి బిళ్ళతో ఆడుకునే ఆటే అది; ఆయన సుమారు పదమూడు వేల నాణేలకు ఓపికగా ఆడాడు.

దత్తారి 1923లో మరణించాడు. సేకరణలో ఒక భాగం రోములోని జాతీయ మ్యూజియమ్‌కు చేరింది, మిగిలినది చేతులు మారి దేశదేశాలకు చెదిరిపోయింది. పెన్సిలు కాగితాలు మాత్రం నిలిచాయి. 1999లో అడ్రియానో సావియో అనే ఇటాలియన్ పండితుడు వాటిని పుస్తకంగా ప్రచురించాడు.

ఐతే దత్తారి జాబితా చెప్పనిది ఒకటున్నది: ఏ నాణెం ఎక్కడ దొరికిందో. అంగడిలో కొన్న నాణేలకు ఆ చిరునామా ఉండదు. ఫెల్లాహు రైతు నాగలికి తగిలిన కుండ వర్తకుడి దగ్గరకు వచ్చేసరికి మంచివి ఒకవైపు, అరిగినవి ఒకవైపు అయిపోతాయి. లంకెబిందెలో ఏయే సంవత్సరాలవి ఎన్నెన్ని ఉన్నాయన్నదే చరిత్రకారునికి కావలసింది. ఆఖరి నాణెం తేదీని బట్టి కుండ పాతిన కాలం తెలుస్తుంది. పాతవి ఎన్ని మిగిలాయన్నదాన్నిబట్టి ప్రజలు ఏ నాణేన్ని నమ్మారో, దేనిని వదిలించుకున్నారో తెలుస్తుంది. కుండ విప్పి విడివిడిగా అమ్మిన మరుక్షణం ఈ సమాచారం నశిస్తుంది. ఒక్కొక్క నాణెం చెక్కుచెదరకుండా ఉండవచ్చు, కథ మాత్రం పోతుంది.

ఈ భేదాన్ని గుర్తించినవాడు జె. జి. మిల్న్. ఈజిప్టులో స్వయంగా తవ్వకాలు సాగించిన ఈ ఆంగ్లేయుడు లంకెబిందెలను కలిపి ఉన్నవి ఉన్నట్లుగా లెక్కించడం ముఖ్యమని గ్రహించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్‌మోలియన్ మ్యూజియమ్ కోసం ఆయన 1933లో కూర్చిన అలెగ్జాండ్రియా నాణేల జాబితా నేటికీ ఆధారగ్రంథం. 1924-1935 మధ్య ఫయ్యూమ్ ప్రాంతంలోని కరానిస్ గ్రామాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయం తవ్వినప్పుడు ఇళ్ళ మధ్య దాచిన నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఏ ఇంటిలో, ఏ పొరలో దొరికిందో తెలిసిన అరిగిన బిళ్ళ, వేలంపాటలో మెరిసే అనామక నాణెం కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ఈజిప్టులో ఒకప్పుడు లైసెన్సు ఉన్న వర్తకులు ప్రాచీన వస్తువులను బాహాటంగా అమ్మేవారు. 1983 నాటి 117వ చట్టం ఆ వ్యాపారాన్నీ ఎగుమతినీ నిషేధించింది. 1970 యునెస్కో ఒప్పందం, ప్రాచీన వస్తువుల దిగుమతిని అరికట్టడానికి 2016లో అమెరికా ఈజిప్టుతో కుదుర్చుకున్న ఒప్పందం ఇదే దారిలోనివి. అందువల్ల వివేకం గల సంగ్రాహకుడు నేడు మొదట అడిగేది వెల కాదు. ఈ నాణెం ఎన్నేళ్ళ క్రితం, ఎవరి చేతిలో ఉన్నట్లు రుజువున్నదని. మన దేశంలోనూ 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపరాదు. నేలలో పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలన్న 1878 నాటి చట్టం పుస్తకాలలో ఇంకా ఉంది. ఆ పది రూపాయలు మాత్రం అప్పటివి!

కొనకుండానే ఈ విద్య అభ్యసించడానికి నేడు అవకాశాలు పెరిగాయి. 1992లో మొదటి సంపుటంతో మొదలైన రోమక రాష్ట్రీయ నాణేల బృహత్ జాబితాలో బర్నెట్, అమాండ్రీ, రిపొల్యెస్ వంటి పండితులు లోకంలోని మ్యూజియమ్‌లన్నీ గాలించి నాణేలను వరుసపెట్టారు. దానిలో చాలభాగం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. 1892లో స్థాపించిన అలెగ్జాండ్రియాలోని గ్రీకు-రోమక మ్యూజియమ్ 2005లో మరమ్మతులకు మూతపడి 2023 అక్టోబరులో తిరిగి తెరుచుకుంది.

కొనదలచినవారు సాధారణంగా చివరినుండి మొదలుపెడతారు. ప్రోబస్, డయొక్లీషియన్, మాక్సిమియన్‌ల టెట్రాడ్రాక్మాలు అపారంగా వెలువడ్డాయి గనుక అవి చౌక. చిన్నవి, దళసరివి, నల్లనివి. గద్ద బొమ్మ, దాని పక్కన సంవత్సరం. కొత్తవారు చేసే పెద్ద అపచారం నాణేన్ని తోమడం. చింతపండు, ఆమ్లాలు, ఇనుప కుంచె తగిలితే పదిహేడు వందల ఏళ్ళ చిలుము పొరతో పాటు అక్షరాలూ పోతాయి. పోతపోసిన నకిలీలు ఎప్పటినుండో ఉన్నాయి. అంచున అతుకు గీత, ముఖం మీద సన్నని బుడగల గుంటలు వాటిని పట్టిస్తాయి.

ఈ వరుసకు ముగింపు డయొక్లీషియన్ 12వ సంవత్సరం, 295-296. ఆ తరువాత టంకశాల సంస్కరణకు లోబడి మిగతా సామ్రాజ్యం వలె లాటిను నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. 297లో డొమీషియస్ డొమీషియానస్ అనేవాడు తిరుగుబాటు చేసి, లాటిను నాణేలతో పాటు పాత పద్ధతిలో గ్రీకు నాణేలనూ తన 2వ సంవత్సరం వేసి విడుదల చేశాడు. డయొక్లీషియన్ నెలల తరబడి నగరాన్ని ముట్టడించి 298లో లోబరుచుకున్నాడు. మూడువందల ఏళ్ళకు పైబడిన శ్రేణిలో ఆఖరివి ఆ తిరుగుబాటుదారుని బిళ్ళలే.

దత్తారి పెన్సిలు ప్రతులు ఆయన ఊహించని పనికి నేడు ఉపయోగపడుతున్నాయి. చెదిరిపోయిన ఆయన నాణేలు ఐరోపా, అమెరికాల వేలంశాలలలో అప్పుడప్పుడు తలెత్తుతాయి. అంచు చిట్లిన తీరు, అక్షరం జారిన చోటు, అచ్చు పక్కకు తొలగిన వైనం కాగితం మీది రుద్దుడుతో సరిపోలితే ఆ నాణెం 1923కు పూర్వమే కైరోలో ఆయన బల్ల మీద ఉన్నదని తేలుతుంది.